కుడి బుగ్గ మీది పులిపిరి

ఆ రోజుల్లో వరంగల్ మొత్తానికి నన్ను మించిన కథకుడు లేడని గట్టిగా నమ్మేవాడు ఒక్కడే ఉండేవాడు. అది నేనే. కొత్తవాడలో జంపఖానాలు నేయించే చిన్న కార్ఖానాలో గుమస్తా పని. మా యజమానిని అందరూ అద్దం కాక అనేవారు. నేసిన ప్రతి జంపఖానా మీదా చిన్న భూతద్దం ఆనించి పోగులు లెక్కపెట్టేవాడు మరి. తప్పు కనిపిస్తే సుద్దతో దాని చుట్టూ సున్నా గీసి వెనక్కి పంపేవాడు. (ఇంట్లో కంచంలో మెతుకులు కూడా లెక్కపెడతాడని మగ్గాల దగ్గర ఒక పుకారుండేది. పుట్టించింది నేనే.)

ఒక సభలో ఎవరో పెద్దాయన, పాత్ర గుర్తుండాలంటే చేతికి ఒక వస్తువు, ఒంటికి ఒక గుర్తు ఇవ్వాలన్నాడు. ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. వారం తిరక్కుండా కథ రాసేశాను. వంటమనిషికి ఆరో వేలు, కాపలావాడికి విరిగిన గొడుగు, పిసినారి యజమానికి భూతద్దం, బుగ్గ మీద శనగగింజంత పులిపిరి. గుమస్తా కుర్రాణ్ణి మాత్రం అందగాడని రాసి వదిలేశాను. కాక పులిపిరి ఎడమ బుగ్గ మీద ఉంటుంది కనుక, ఎవరూ పోల్చుకోకుండా కథలో కుడి బుగ్గకు మార్చాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కథ ఆదివారం పత్రికలో పడింది. సోమవారం నేను వెళ్లేసరికి మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. కాక పత్రిక పరుచుకుని, దాని మీద అదే భూతద్దం ఆనించి ఒక్కో అక్షరం చదువుతున్నాడు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఈ ఉద్యోగం చూసే పరకాలలో పిల్లనిస్తామన్నారు, పెళ్లి ఇంకా పది రోజులే ఉంది. ఉద్యోగం పోతే ఆ సంబంధమూ పోయినట్టే.

చదవడం అయ్యాక కాక దగ్గరికి పిలిచి, తన పులిపిరి ఏ దిక్కున ఉందని అడిగాడు. ఎడమ దిక్కని గొణిగాను.

"మరి కుడి దిక్కని రాసినవేంది బిడ్డా? రోజు జూసే మొఖమే సక్కగ కనవడకపోతే, నీకు పోగులేం కనవడ్తయ్?"

క్షమించమనబోతే చేత్తో ఆపాడు. ఇంకో తప్పుందట.

"అందరికి గుర్తులు వెట్టినవ్. గుమస్తా పిలగానికేం లేదు, అందగాడని ఇడిశివెట్టినవ్. రాస్కో. చెవి మీద పెన్ను వెట్టుకొని, పెన్నేదని కార్ఖానంత దేవులాడుకుంట తిరుగుతాండు."

నా చెయ్యి దానంతటదే చెవి మీదికి పోయింది. పొద్దుటి నుంచీ వెతుకుతున్న పెన్ను అక్కడే ఉంది. మగ్గాల మీద ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు, కాక కూడా నవ్వాడు. తర్వాత 'కుడి' అన్న మాట చుట్టూ సుద్దతో సున్నా గీసి, సరిచేసి తెమ్మని పత్రిక నా చేతికిచ్చి, పనిలోకి పొమ్మన్నాడు. ఉద్యోగం నిలిచిందని అర్థమై నూలు మూట మీద కూలబడ్డాను. అంత హాయిగా మళ్లీ ఎప్పుడూ ఊపిరి పీల్చుకోలేదు.

తర్వాత చాలా కథలు రాశాను, ఒకదాంట్లో కాక చెప్పిన గుమస్తానూ పెట్టాను. పాఠకులకు గుర్తున్నది మాత్రం చెవి మీద పెన్ను గుమస్తా ఒక్కడే. ఆ పరకాల పిల్ల ఇప్పటికీ రోజూ వచ్చి నా చెవి మీది పెన్ను తీసి చేతిలో పెడుతుంది. కాక ఇప్పుడు లేడు. ఆ కథ సరిచేసి ఆయనకు చూపించనే లేదు, ఆ బాధ ఉంది. ఆయన పులిపిరి ఎడమ బుగ్గ మీద ఉండేది. ఈసారి సరిగ్గానే రాశాను కాకా.