పుల్ల లేని గడ్డి

మా బావ వేలు పెట్టి నొక్కితే చాలు, కుర్చీ కడుపులో ఏముందో చెప్పేస్తాడు. పైబట్ట విప్పక్కర్లేదు. "ఇది పాత దూది, రెండుసార్లు ఏకారు. ఆ మూల పీచు కలిపి మోసం చేశారు వెధవలు" అంటాడు. విప్పి చూస్తే సరిగ్గా అదే ఉంటుంది. సోఫాలూ కుర్చీలూ పరుపులూ బాగుచేసే మా చిన్న కొట్లో ముప్పై ఏళ్లుగా ఆయన లోపలి సరుకు నింపుతాడు. తొమ్మిదేళ్లుగా నేను పైగుడ్డలు కత్తిరించి మిషను మీద కుడతాను. ఆయన మా అక్క మొగుడు. ఇంతటి పనిమంతుడు ఒక కుందేలు ముందు ఓడిపోవడం రెండు వారాల పాటు దగ్గరుండి చూశాను. చూడ్డమేమిటి నా మొహం, పడ్డాను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

కుందేలు పేరు దొరసాని. నేనే పెట్టాను, మెచ్చుకుని మాత్రం కాదు. నాలుగేళ్ల కిందట ఎవరో ఇల్లు మారుతూ ఒక సోఫా బాగుచేయమని తెచ్చారు. సోఫాతో పాటు బుట్టలో దీన్ని కూడా దించి, రెండు రోజుల్లో వచ్చి రెండూ పట్టుకెళ్తామన్నారు. వచ్చారు, సోఫా పట్టుకెళ్లారు. బుట్ట సంగతి అడిగేలోపు ఆటో కదిలిపోయింది. బూడిదరంగు ఒళ్లు, ఒక చెవి నిలబడి ఉంటుంది, ఒకటి వాలి ఉంటుంది. బావ కత్తిరింపు బల్ల కింద గోనెపట్టా పరిచి దానికి చోటిచ్చాడు. మా బావ మాటల మనిషి కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాతో పది మాటలాడితే గొప్ప. దొరసానితో మాత్రం నోరు మూయడు. ఏ కుర్చీ ఎవరిది, ఏ స్ప్రింగు ఎందుకు వంగింది, అన్నీ దానికి చెప్పుకుంటూ పని చేస్తాడు. అందులో సగం మా అక్కతో మాట్లాడి ఉంటే ఆ సంసారం ఇంకోలా ఉండేది.

దొరసాని ఎండుగడ్డి ముట్టేది కాదు. బిస్కెట్లు తినేది, రొట్టె అంచులు తినేది, లేత ఆకులు ఏరుకుని తినేది. ముదురాకు పెడితే మా వైపు ఒక చూపు చూసి వెనక్కి తిరిగి కూర్చునేది. "దానికి రుచి తెలుసు" అని బావ మురిసిపోయేవాడు. ఒకరోజు నోట్లో పెట్టుకున్న బిస్కెట్టు జారవిడిచింది. గడ్డం కిందంతా తడి. మర్నాడూ అంతే. బుట్టలో పెట్టుకుని ఇద్దరం పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాం.

డాక్టరమ్మ గుండె చప్పుడు విని, నోట్లోకి చిన్న లైటు వేసి చూసింది. "వెనక పళ్లు పెరిగి అంచులు తేలాయండీ. బుగ్గ లోపల గీసుకుని పుండు పడుతోంది. కుందేలు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలితేనే అరుగుతాయి. మీరేమో బిస్కెట్లు పెట్టి పెంచారు."

బావ తల దించుకున్నాడు.

"నొప్పికి మందిస్తాను. గరుగ్గా, పొడుగు కాడలున్న ఎండుగడ్డి పెట్టండి. పదిహేను రోజులు చూద్దాం. తినకపోతే మత్తిచ్చి పళ్లు అరగదీయాలి. కానీ దీని వయసుకి, ఈ గుండెకి, మత్తులోంచి లేస్తుందని నేను మాటివ్వలేను. అసలు తినడమే మానేస్తే మటుకు ఒక్క పూట కూడా ఆగకండి, తెచ్చేయండి."

బుట్ట ఒళ్లో పెట్టుకుని బస్సులో బావ దొరసాని దవడ నిమురుతూ కూర్చున్నాడు. దిగే ముందు అన్నాడు: "గరుకు గడ్డి అంటుందేమిటి ఆవిడ? నోట్లో పుండు పెట్టుకుని పుల్లలు నమలాలా?"

"డాక్టరమ్మ చెప్పింది కదా బావా."

"ఆవిడకి పళ్లు తెలుసు. గడ్డి సంగతి ఆవిడకేం తెలుసు?"

అక్కడే నేను గట్టిగా పట్టుబట్టాల్సింది. పట్టుబట్టలేదు. నింపుడు సరుకు విషయంలో ఆయనకి ఎదురు చెప్పే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఆ మొండితనం వెనక ఒక కథ ఉంది. బావ పని నేర్చుకున్నది వాళ్ల మేనమామ దగ్గర. అప్పట్లో చౌక కుర్చీలకి ఎండుగడ్డే నింపేవారు. కొత్తలో బావ నింపిన కుర్చీలో ఒక పెద్దమనిషి కూర్చున్నాడు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే కెవ్వుమని లేచాడు. ఒక పుల్ల గోనెపట్టా దాటి పైకి వచ్చింది. మేనమామ తిట్టలేదు, కొట్టలేదు. అందరూ చూస్తుండగా ఆ కుర్చీని నిలువునా చీల్చి, గడ్డంతా నేల మీద పోసి, "ఒక్కో పరకా చూసి నింపు" అన్నాడు. ఆ రోజు నుంచి ఇవాళ్టి వరకూ మా బావ చేతిలోంచి వెళ్లిన సరుకులో ఒక్క పుల్ల ఎవరికీ గుచ్చుకోలేదు. ఆయన జీవితంలో చెప్పుకోదగ్గ గొప్ప అదొక్కటే. అది నిజంగా గొప్పే.

మొదటిరోజు పశువుల దాణా కొట్టుకి నన్నూ తీసుకెళ్లాడు. కళ్లు మూసుకుని ఒక్కో మోపులోంచి చిటికెడు లాగి, వేళ్ల మధ్య నలిపి, చెంపకి రాసుకుని చూశాడు. కొట్టువాడు మొదట నవ్వాడు, ఆరో మోపుకి విసుక్కున్నాడు, పదో మోపుకి "ఇంతకీ గడ్డి మీకా, కుందేలుకా?" అన్నాడు. అన్నిట్లోకీ మెత్తనిది ఏరుకుని కొట్టుకి తెచ్చి, బల్ల మీద పరిచి, కాడలన్నీ తీసి పారేశాడు. తరవాత దూది దులిపే బెత్తాలతో కొట్టాడు. జల్లెడ పట్టాడు. మిగిలినదాన్ని చేత్తో చిక్కు తీసి గుండ్రంగా గూడులా చేసి దొరసాని ముందు పెట్టాడు.

దొరసాని వాసన చూసింది. ఎక్కి కూర్చుంది. అందులోనే తడిపింది.

రెండోది గుర్రాలవాళ్ల దగ్గర్నుంచి తెచ్చాడు. అదీ అంతే. మూడోది పెంపుడు జంతువుల దుకాణంలో సంచీల్లో అమ్మే ఖరీదైన గడ్డి. తెరిస్తే కొట్టంతా పచ్చి వాసన. నాకే నోట్లో పెట్టుకోబుద్ధయింది. దాన్నీ వదల్లేదు మహానుభావుడు, కొట్టి, జల్లించి, దువ్వి పెట్టాడు. దొరసాని ముక్కు కదిపి మొహం తిప్పుకుంది. నాలుగోదాన్ని ఏకంగా నీళ్లలో కడిగి నీడన ఆరబెట్టాడు. "దుమ్ము ఉండి ఉంటుంది మరదలా, అందుకే తినట్లేదు" అన్నాడు. ఆరాక దానికి రంగూ లేదు, వాసనా లేదు.

ఇక్కడ నా గతి చెప్పాలి. గ్రంథాలయం వాళ్లవి ఇరవైనాలుగు కుర్చీలు కొట్లో గోడ వారగా ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. వాటికి నేను పైగుడ్డలు కుట్టి మడతపెట్టి ఉంచాను. లోపల నింపేవాడు గడ్డి దువ్వుకుంటున్నాడు. రోజూ పదకొండు గంటలకి గ్రంథాలయం గుమస్తా ఫోను. "అమ్మా, జనం నిలబడి చదువుతున్నారమ్మా" అంటాడు. ఏం చెప్పను? రేపు, ఎల్లుండి, కరెంటు పోయింది, నడుం పట్టేసింది. అబద్ధాలన్నీ అయిపోయి చివరికి నిజం చెప్తే నమ్మలేదు.

అక్కకి చెప్పాను. "మీ బావ సంగతి నీకు తెలీదా? ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు" అంది. నాకు నవ్వు కూడా రాలేదు. మా కొట్లో ఉన్న కుందేలుకి నాలుగు కాళ్లూ ఉన్నాయి, పిడికెడు లేతాకుల మీదే గడుపుతుంటే అవి రోజురోజుకీ సన్నబడుతున్నాయి. శనగగింజంత ఉండే పెంటికలు మిరియమంత అయ్యాయి. అవి చూడ్డం కూడా నా పనే. తల ప్రాణం తోకకి రావడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

నేను చెప్పలేదని కాదు. మూడోసారి, నాలుగోసారి, నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను.

"బావా, గరుకుది పెట్టమంది కదా, ఒక్కసారి పెట్టి చూడు."

"ముందు మెత్తనిది తిననీ. పుండు మానాక గరుకుది పెడదాం."

"మెత్తనిది తినట్లేదుగా!"

"ఇంకా మెత్తనిది దొరకలేదు మరదలా. అంతే."

పన్నెండో రోజు దొరసాని పొద్దున్న మూడు ఆకులు తిని ఊరుకుంది. ఎత్తుకుంటే వెన్నుపూస వేళ్లకి తగిలింది. బావ మొహం చూడలేకపోయాను. ఎవరో ఎక్కడో చెరువు గట్టున సన్నగడ్డి ఉందన్నారట, తిండి కూడా తినకుండా సైకిలేసుకుని పోయాడు. నేనొక్కదాన్నే మిగిలాను. పదకొండు అయింది. ఫోను మోగింది. ఈసారి గుమస్తా కాదు, పై అధికారి. కుర్చీలు ఎలా ఇచ్చామో అలాగే తిరిగి పంపించేయమన్నాడు.

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగేసరికి కాలికి గోనెసంచీ తగిలింది. బావ పన్నెండు రోజులుగా ఏరి పారేసిన కాడలూ గింజ కంకులూ పుల్లలూ అన్నీ అందులో ఉన్నాయి. బయట పారేద్దామని మూల పెట్టి, మర్చిపోయాం. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. బావ మీదో, ఆ పై అధికారి మీదో, నా ఖర్మ మీదో తెలీదు. సంచీ ఎత్తి బల్ల కింద బోర్లించాను. "తింటే తిను, లేకపోతే చావు!" అని అరిచి వచ్చి మిషను దగ్గర కూర్చున్నాను. తొక్కబోతే దారం తెగింది, ఆగాను. ఆగితే వినిపించింది.

కరకర.

వంగి చూశాను. జానెడు పుల్ల ఒకటి దొరసాని నోట్లోకి కొంచెం కొంచెంగా పోతోంది. అది అయిపోయాక ఒక కంకి. తరవాత ఇంకో పుల్ల. ఆగి ఆగి నములుతోంది, నొప్పి ఉందనుకుంటాను, కానీ నములుతోంది. నేను నేల మీద కూలబడ్డాను. చావమన్నానే అని ఏడుపొచ్చింది. ఆ ఏడుపు తగ్గకముందే మళ్లీ కోపమొచ్చింది. ఆ సంచీ పన్నెండు రోజులుగా దానికి నాలుగడుగుల దూరంలో ఉంది!

బావ మధ్యాహ్నం వచ్చాడు, చొక్కా అంతా చెమట. "దొరికింది మరదలా! పట్టుకుని చూడు, పట్టులా ఉంది" అన్నాడు. నేను బల్ల కిందకి చూపించాను. వంగి చూసి ఏం చేశాడనుకున్నారు? "అయ్యో, పుల్ల!" అని చెయ్యి చాపి దాని నోట్లోంచి లాగేశాడు.

ఇక నా నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. పెద్దాచిన్నా చూడకుండా గడ్డి పెట్టాను. "బావా, నువ్వు మనిషివేనా? అది ఇన్నాళ్లకి తింటుంటే నోటి దగ్గరది లాక్కుంటావా? డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. దానికి కావాల్సిందంతా ఏరి సంచీలో వేశావు, పనికిరానిది దువ్వి దాని ముందు పెట్టావు. పన్నెండు రోజులు!"

దొరసాని ఆయన చేతిలోని పుల్ల కొన పట్టుకుని లాక్కుంది. బావ వదిలేశాడు. అది నమలడం మొత్తం చూశాడు.

"పస్తు పెట్టింది నేనా?" అన్నాడు చివరికి.

లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చాను.

"ముప్పై ఏళ్లు ఎవరికీ గుచ్చుకోకుండా చూశాను మరదలా. గుచ్చుకోకుండా చూసి చూసి దీన్ని చంపేసేవాణ్ణి" అన్నాడు. గ్లాసు అలాగే చేతిలో ఉంది, తాగలేదు.

పదిహేనో రోజున డాక్టరమ్మ చూసి, పుండు మానుతోంది, మత్తు ఇప్పుడే అక్కర్లేదంది. గండం గడిచిందని మాత్రం అనలేదు. ఇంకో నెల ఇదే గడ్డి పెట్టి తీసుకురమ్మంది. గ్రంథాలయం వాళ్ల కుర్చీలు వెళ్లిపోయాయి, వాళ్లు మళ్లీ ఫోను చెయ్యలేదు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

ఆ సాయంత్రం బావ కొత్త మోపు విప్పి దొరసాని బుట్ట నింపుతున్నాడు. దానికి డాక్టరమ్మ చెప్పిన కబుర్లన్నీ మళ్లీ చెప్తున్నాడు. నేను దారం ఎక్కిస్తూ యథాలాపంగా అటు చూశాను. బుట్టలో మెత్తటి గడ్డి. ఆయన మోకాలి పక్కన పుల్లలన్నీ ఒక వరసలో పేర్చి ఉన్నాయి.

"బావా! నీ చేతులు!"

ఉలిక్కిపడి చూసుకున్నాడు. తను ఏరుతున్నట్టు ఆయనకే తెలీదు. ఆ పుల్లల వంక, తన వేళ్ల వంక చూసి మెల్లగా లేచాడు.

"నువ్వు వెయ్యి మరదలా. ఇవి నా మాట వినవు" అని బయటికి నడిచి, గుమ్మం అవతల మాకు వీపు చేసి నిలబడ్డాడు. రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు. నేను పుల్లలన్నీ తిరిగి బుట్టలో కలిపి దొరసాని ముందుకి జరిపాను.

"తింటోందా?" తల తిప్పకుండా అడిగాడు.

"తింటోంది."

"ఏం తింటోంది?"

"పుల్లలే ముందు తింటోంది బావా."

వీధిలోంచి ఎవరో పలకరిస్తే తల మాత్రం ఊపాడు.

"ముదురువి చూసి ఇంకో గుప్పెడు వెయ్యి" అన్నాడు. నేను వేశాను.