నంద్యాల బస్సులో పక్క సీటు

ఇంట్లో ఏం జరుగుతోందో ఇంటివాడికే అందరికన్నా చివర తెలుస్తుందని ఒప్పుకోవడానికి నాకు సిగ్గే. మా ఆవిడ ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు పక్కింటి అక్కతో మాటిమాటికీ పోతుంటే చీరల కోసమనుకున్నాను. ఒక్క చీరా ఇంటికి రాకపోతే పొదుపనుకుని మురిసిపోయాను.

ఒకరోజు మా ఆవిడ వంటింట్లో కళ్లు తిరిగి కూలబడింది. అక్క పరుగున వచ్చి, నీళ్లు తాగించి, "ఆయమ్మకు మెనొరేజియాప్పా" అంది, చుట్టం పేరు చెప్పినంత తేలిగ్గా.

"అంటే ఏందక్కా?"

"నెలనెలా అయ్యేదే, మోతాదు మించి పోతాంది. గంటగంటకూ గుడ్డ మార్చుకోవల్ల. వారం దాటినా నిలబడదు. అందుకే ఒంట్లో రక్తం తగ్గి ఈ నీరసం. డాక్టరమ్మ స్కానింగుకు రమ్మనింది. ఎండాకాలం నుంచీ తిరుగుతాండాం, నీకు తెల్దా?"

తెలీదు. ఒకవైపు భయం, ఒకవైపు కడుపుమంట. పక్కింటామెకు తెలిసింది, పక్కలో పడుకునేవాడికి తెలీలేదు! నాకెందుకు చెప్పలేదంటే మా ఆవిడ, "ఎప్పుడన్నా అడిగితివా?" అంది. తప్పు నాదేనని తేలినా, అసూయ మాత్రం అక్క మీదే మిగిలింది.

స్కానింగు రోజు ముగ్గురం బయలుదేరాం. బస్సు ఆగీ ఆగకముందే, ఇద్దరు పట్టే సీటు మీదికి కిటికీలోంచి నా తువ్వాలు విసిరాను. అక్కకు వెనక చివరి సీటు దొరికింది. గతుకులకు ఎగిరిపడుతూ, "ఏమప్పా, నా జాగా కొట్టేస్తివే!" అని అరిచింది. నేను వినపడనట్టు మా ఆవిడ వైపు తిరిగి, "మొదట్నుంచీ చెప్పు" అన్నాను. నంద్యాల వచ్చేదాకా చెబుతూనే ఉంది.