ఆమె చీరలకు ఏ సోడా

కార్వాన్‌లో నాకు చిన్న చేతి కాగితం కార్ఖానా ఉంది. పాత నూలు గుడ్డలను ముక్కలు కోసి, సోడా నీళ్లలో ఉడికించి, కడిగి గుజ్జు చేసి కాగితం తీస్తాం. ఎక్కువగా పెళ్లికార్డులకే పోతుంది. నా బిడ్డ పెళ్లి కుదిరాక, దాని కార్డులకు మాత్రం చనిపోయిన నా భార్య నూలు చీరలతో కాగితం తీయాలనుకున్నాను. బిడ్డ వరంగల్‌లో నర్సు. దానికి చెప్పలేదు. చూసి మురిసిపోతుందనుకున్నాను.

సోడా కోసం అఫ్జల్‌గంజ్‌ వెళితే దుకాణం భాయ్ ఎప్పటిలాగే కాస్టిక్ సోడా సంచి ముందుకు తోశాడు.

"గిది వద్దు భాయ్. గీసారి సోడా యాష్ ఇయ్యి."

"క్యా అన్నా, దిమాఖ్ ఖరాబైందా? కాస్టిక్ అయితే పొద్దుగాల ఏస్తే మాపటికి మెత్తగైతది. సోడా యాష్‌తోని ఎన్నడు కావాలె?"

"కాస్టిక్ రంగు గుంజేస్తది. మా ఇంటామె చీరలు భాయ్."

భాయ్ కాస్టిక్ సంచి వెనక్కి లాగి, సోడా యాష్ తూచి కట్టాడు.

ఆమె చీరల్లో వేరేవాళ్ల గుడ్డ కలపడానికి నాకు మనసొప్పలేదు. ఉడికించే డ్రమ్ము నిండాలి కాబట్టి బీరువాలో ఉన్నవన్నీ తెచ్చి వేశాను. ఆమెకు ఎరుపు తప్ప వేరే రంగు కంటికి ఆనేది కాదు. ఒక్కో చీర కోస్తుంటే, అది కట్టుకుని నాతో పెట్టుకున్న లొల్లులు గుర్తొచ్చి నవ్వొచ్చేది. ఆ వెంటే ఏడుపు. ఉడకడానికి చాలాసేపు పట్టింది. నేను మంట దగ్గర నుంచి లేవలేదు.

కాగితం లేత ఎరుపులో, నేను కోరుకున్నట్టే వచ్చింది. బిడ్డ సెలవు మీద వచ్చిన రోజు కార్డు చేతిలో పెట్టాను.

"మీ అమ్మ చీరల కాగితం బిడ్డా. రంగు జూడు, అట్లనే ఉంది."

అది రంగు చూడలేదు. కార్డు ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్లీ పెట్టుకుంది.

"ఏ చీరలు బాపూ?"

"అన్నీ."

లోపలికి పరుగెత్తి బీరువా తీసింది. వెనకాలే వెళ్లాను.

"ఇంటికొచ్చినప్పుడల్లా గా చీరలల్ల మొకం పెట్టుకుంటుంటి. అమ్మ వాసనొచ్చేది."

ఏ సోడా వేసినా వాసన మొదటి పొంగుకే పోతుంది. అది నాకు తెలియనిదా? రంగు నిలిస్తే ఆమె నిలిచినట్టే అనుకున్నాను.

"ఒక్కటన్న ఉంచకపోతివా బాపూ" అంటూ ఖాళీ అరలో తల పెట్టి ఏడ్చింది నా బిడ్డ.