దుమ్ముకు బెల్లం

నా నోరు మంచిది కాదని ఈ హిందీ ఊళ్లో, బాగ్‌బేరాలో మా క్వార్టర్ల లైనంతా అంటుంది. అననివ్వండి. బెల్లం ముక్క చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మంట ఎక్కడో ఒకచోట కక్కాలి కదా, ఇక్కడ కక్కుతున్నాను.

మా ఆయన ఉక్కు కార్ఖానాలో క్రేను నడిపేవాడు. పైన గదిలో కూర్చుని, కింద మనిషి చెయ్యి ఊపితే ఆ సైగ చూసి బరువు ఎత్తాలి, దించాలి. కళ్లుంటేనే ఆ పని. డ్యూటీ దిగగానే అక్కడ అందరూ ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకుని నీళ్లు తాగుతారు. గొంతులో పట్టిన దుమ్మంతా దాంతోపాటు జారిపోతుందట. అదే కార్ఖానాలో మా మామగారు ఆ బెల్లం తినే రిటైరయ్యాడు. ఆయన కొడుకు చొక్కా జేబులోనూ ఎప్పుడూ ఒక బెల్లం పొట్లం ఉండేది.

షుగరు ఉందని తేలాక మనిషి మారాడు, కాదనను. టీలో పంచదార మానేశాడు. పెళ్లిళ్లలో లడ్డూ పక్కకు నెట్టి, చూశావా అన్నట్టు నావైపు చూసేవాడు. రాత్రిపూట అన్నం మాని రొట్టెలు తిన్నాడు. జేబులో పొట్లం మాత్రం మానలేదు. అదేమిటని అడిగితే, "బెల్లం తీపేటే? అది దుమ్ముకి మందు" అనేవాడు. బెల్లమైనా పంచదారైనా ఒకటేనని మా అమ్మాయి నెత్తీ నోరూ బాదుకునేది. "పాపా, గుడ్ భీ చీనీ హీ హై" అని హిందీలో మొత్తుకునేది. వింటేనా! తాడి ఎక్కేవాణ్ణి ఎంతదాకా ఎగదోస్తాం?

ఒకనాడు కుడి కంట్లో నల్లదారం ఒకటి తేలుతోందన్నాడు. ఎటు చూస్తే అటు వస్తోందట. కార్ఖానా దుమ్మే పడిందని కుళాయి కింద తల పెట్టి కడుక్కున్నాడు. పక్కింటి పిన్ని నందివర్ధనం పూలు తెచ్చి రెప్పల మీద పెట్టింది. తోటి క్రేనువాళ్లు, మాకూ పడుతుంటుంది, అదే పోతుందన్నారు. నొప్పి లేదు కదా అని ఆయన ధీమా. డాక్టరు దగ్గరికి పదమని నేను పోరితే సెలవు దొరకదన్నాడు. ఒక పొద్దున టీ గ్లాసు అందుకోబోయి చేత్తో తోసేశాడు. కుడివైపు అంతా మసగ్గా ఉందని అప్పుడు చెప్పాడు, అదీ నేల తుడుస్తున్న నాతో, మెల్లిగా.

కంటి డాక్టరమ్మ చుక్కలు వేసి, కూర్చోబెట్టి, లైటు పెట్టి చూసింది. దుమ్మూ లేదు ధూళీ లేదు, అది నీ నెత్తురే అంది. కంటి వెనక రెటీనా అని సన్నటి పొర ఉంటుందట. మనం చూసేదంతా దాని మీదే పడుతుంది. దానికి రక్తం తెచ్చే నాళాలు వెంట్రుక కన్నా సన్నం. ఏళ్ల తరబడి ఒంట్లో చక్కెర ఎక్కువైతే వాటి గోడలు బలం తగ్గి, అక్కడక్కడ ఉబ్బి, కారుతాయి. కొన్ని మూసుకుపోతాయి. రక్తం అందని చోట కొత్త నాళాలు మొలుస్తాయి కానీ అవి నాసిరకం, ఊరికే చిట్లి కన్ను లోపలే నెత్తురు వదులుతాయి. మా క్వార్టరు గోడలోని ఇనుప పైపూ ఇంతే, తుప్పు తినేసి గోడ తడిస్తే గానీ మాకు తెలియలేదు. ఇంత జరిగినా కంటికి నొప్పన్నదే ఉండదట. అదీ అసలు మోసం.

కుడి కన్ను చాలావరకు పోయింది. ఎడమ కంట్లోనూ మొదలైంది గానీ చూపు ఇంకా ఉంది, లేజరుతో ఆపి చూద్దామంది. లేజరు పోయిన చూపు తేదట, ఉన్నదాన్ని కాపాడటానికేనట. అదీ షుగరు అదుపులో ఉంటేనే. ఏడాదికోసారి రెటీనా చూపించుకోమని ఎవరూ చెప్పలేదా అని అడిగింది. ఎవడు చెప్పాడు తల్లీ? ఇన్నేళ్లూ షుగరు మాత్రలు రాసినవాళ్లు బరువు చూశారు, బీపీ చూశారు, కళ్ల ఊసు ఒక్కడూ ఎత్తలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోమంటే పట్టుకున్నాం. ఏ పాపం ఎరగని ఆ డాక్టరమ్మ మీద కూడా నాకు కోపం వచ్చింది.

లేజరు అయింది. క్రేను పని పోయింది. ఇక ఆ ఎడమ కన్నొక్కటే మాకు దిక్కు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం నేను గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన మెట్టు మీద ఎండలో కూర్చుని ఉన్నాడు. ఒళ్లో ఇన్నాళ్లూ మేకుకు వేలాడిన డ్యూటీ చొక్కా, చేతిలో దాని జేబులోంచి తీసిన పాత పొట్లం. నాకు తిక్క రేగింది. ఇంట్లో కూర్చున్న మనిషికి దుమ్మెక్కడిదని లైనంతా వినపడేలా అరిచాను. ఆయన పొట్లం విప్పాడు.

"నోరు సప్పగా ఉందే. ఒక్క ముక్కే తింతన్నాను."

దుమ్ము కాదన్నమాట, ఏనాడూ దుమ్ము కాదు. ఆ మాట అనబోతూ పొట్లం లాక్కుందామని వంగాను. పచ్చటి బెల్లం ముక్క నిండా నల్లచీమలు. దాన్ని నోటి దాకా తీసుకెళ్తున్నాడు. చీమలు పట్టాయి, పారెయ్యమన్నాను.

ఆయన ముక్కను ఎడమ కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. ఎండలోకి తిప్పి, ఓపిగ్గా, చాలాసేపు చూశాడు.

"సీమలేటే? ఏటీ లేవు కదా" అన్నాడు.