వియ్యంకుడి నోట రావలసిన మాట

మా వియ్యంకుడిది గోదావరి జిల్లా. మా అమ్మాయి పెళ్ళిలో, భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట, ఐదువందల మంది వింటుండగా ఆయన నాతో అన్నాడు: "మీ సీమలో రాళ్ళూ రోషమూ తప్ప చూడ్డానికేముందండీ బావగారూ?"

ఐదువందలు కాదులెండి. తొమ్మిది మంది. అందులో ఇద్దరు వంటవాళ్ళు. కానీ చెవిలో పడ్డ మాట జనాన్ని లెక్కపెట్టుకుని పడదు కదా. ఆరేళ్ళు దాన్ని పుండులా గోక్కుంటూ గడిపాను. ఆ మాటను ఆయన తన నోటితోనే వెనక్కి తీసుకోవాలి, మావాళ్ళు వినాలి. నాకు కావలసింది అంతే.

మొన్న వేసవి సెలవుల్లో ఆయన మా ఊరు ప్రొద్దుటూరు వచ్చాడు. వదుల్తానా? శని, ఆదివారాలకు ప్రయాణం కట్టాను. జమ్మలమడుగు మీదుగా గండికోట, ఆ తరువాత కొండదారిలో ముద్దనూరు, అటునుంచి పులివెందులలో మా చెల్లెలి ఇల్లు. కారు నడిపేది అల్లుడు. చల్లటి పూట బయల్దేరుదామని అతనంటే, నేను కావాలనే ఆలస్యం చేశాను. టిఫినుకు ఉగ్గానీ బజ్జీ రెండోసారి తెప్పించాను. వేసుకున్న చొక్కా విప్పి ఇంకోటి వేసుకున్నాను. సరిగ్గా మిట్టమధ్యాహ్నం ఆయన్ను ఆ కోట బండల మీద నిలబెట్టాలని నా పథకం.

మా ఇంటావిడ పసిగట్టేసింది. "ఏంది, ఆయప్పను ఎండబెట్టి ఒరుగులు చేస్తావా?" అని నా చెవిలో గొణిగింది.

"నువ్వు ఊరకుండు. చూస్తాండు."

దారిలో నేను ఊదరగొట్టాను. "గండికోటకు నేను నూరుసార్లు వచ్చింటా బావా. కండ్లు మూసుకోని తిప్పుతా నిన్ను."

నిజం చెబుతున్నాను, అంతకుముందు ఒక్కసారి కూడా వెళ్ళలేదు. గంట ప్రయాణంలో ఉన్నది ఎక్కడికి పోతుందిలే అని డెబ్బై ఏళ్ళు వాయిదా వేశాను. మా వీధిలో సగం మంది కథ ఇదే.

కోటలోకి వెళ్ళాక నేను ముందు, వాళ్ళు వెనక. కూలిన గోడలు, కంపచెట్లు, మళ్ళీ కూలిన గోడలు. లోయ మాత్రం రాదు. వియ్యంకుడి కోసం ఏర్పాటు చేసిన ఎండ ముందు నా బట్టతల మీదే పనిచేసింది. మేకలు తోలుకుంటున్న ఒకామె దూరం నుంచి కేకేసింది.

"యాడికి పోతాండావు పెద్దాయనా? లోయ ఆ పక్క కదా! ఈ తట్టుకు కొత్తా?"

వియ్యంకుడు పైకి నవ్వలేదు. మీసం నవ్వింది. "నూటొకటోసారికి దారి మార్చేశారేమోలెండి బావగారూ."

అప్పుడు వచ్చింది లోయ. ఎర్రటి బండలు అటూ ఇటూ నిట్టనిలువుగా, అడుగున పెన్నేరు. అయినా నేను లోయను చూడలేదు, ఆయన మొహాన్ని చూశాను. చెమట తుడుచుకోవడం మరచిపోయి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. వస్తోంది, వచ్చేస్తోంది అనుకున్నాను.

"నీళ్ళు మా పంటకాలువలో ఉన్నంత ఉన్నాయండీ. ఫర్వాలేదు."

దానికి నేను దిమ్మతిరిగే జవాబిచ్చానని ప్రొద్దుటూరులో చాలామందికి చెప్పాను. ఏమీ ఇవ్వలేదు. పోయి కారులో కూర్చున్నాను. ఘాట్ మలుపుల్లోనన్నా ఆయనకు కడుపులో తిప్పితే బాగుండునని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. ఆయన గురకపెట్టి నిద్రపోయాడు.

పొద్దువాలే వేళకు పులివెందుల చేరాం. మా చెల్లెలు రాగి సంగటి, నాటుకోడి పులుసు చేసింది. ఇరుగుపొరుగు కూడా వచ్చి కూర్చున్నారు. సంగటిని మేం నమలం. చిన్న ముద్ద తుంచి, పులుసులో అద్ది, మింగేస్తాం. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు, ఒళ్ళో ఉండగానే వచ్చేస్తుంది. మా అమ్మాయి వాళ్ళింట్లో అన్నమే వండుతుంది కనుక ఆయనకు తెలిసే అవకాశం లేదు. నిమ్మకాయంత ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాడు. పైగా ఈమధ్యే పళ్ళసెట్టు కట్టించుకున్నాడు.

మా ఇంటావిడ మోచేత్తో పొడిచింది. "చెప్పు, పాపం."

నేను చెప్పలేదు. "ఇంగో ముద్ద ఎయ్ పాపా, మా బావకు," అన్నాను చెల్లెలితో.

"తినన్నా, మొగమాటపడొద్దు," అంటూ చెల్లెలు వేసింది.

ఆయన ఎంత నమిలితే అది అంత సాగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు ఆరేళ్ళలో అంత హాయి ఎప్పుడూ కలగలేదు. ఇంతలో ఆయన ఎడమచెయ్యి ఎత్తి అందర్నీ ఆగమన్నాడు.

"బావగారూ, ఆరోజు పెళ్ళిలో నేనో మాటన్నాను. ఇవాళ ఆ లోయ దగ్గర నిలబడ్డప్పుడు నాకు..."

అక్కడ పై పళ్ళసెట్టు సంగటితో పాటు ఊడొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరట్లో కొళాయి దగ్గరికి పరుగెత్తాడు. ఇంటినిండా మనుషులు, అందరూ పెరటి వైపు మెడలు సాచారు. మొహం కందగడ్డలా చేసుకుని తిరిగొచ్చాడు.

"ఏందో చెప్తాంటివి బావా?" అని నేనే అడిగాను. నా గొంతు నాకే బతిమాలుతున్నట్టు వినిపించింది.

"ఏం లేదండీ. పెరుగుందా?"

ఆయన చేతులు జోడించి, కన్నీళ్ళతో మాట వెనక్కి తీసుకున్నాడని నేను ఊళ్ళో చెబుతుంటాను. కన్నీళ్ళ వరకు నిజం. "నమలొద్దని ఒక్క మాట చెప్పింటే ఏం పోయింటాది నీది?" అని మా ఇంటావిడ ఇప్పటికీ పొడుస్తుంది.

మీ నాయన మళ్ళీ ఎప్పుడొస్తాడని నిన్న అల్లుడికి ఫోన్ చేశాను. ఈసారి అన్నమే పెట్టిస్తాను. మెత్తగా, పప్పుతో, మాట బయటికొచ్చేదాకా.