నాన్న వంకరగా కట్టిన గోడ

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. బారిడీహ్‌లో నేను పెరిగిన కంపెనీ క్వార్టరుకు రెండే గదులు, అందులో మేం ఏడుగురం. దయ్యమంటూ వచ్చినా కాళ్ళు చాపుకోవడానికి చోటు దొరికేది కాదు. భయపడటం ఇల్లు విశాలంగా ఉన్నవాళ్ళ సరదా అని నా అభిప్రాయం. ఇప్పుడు రాయబోయేది జరిగాక కూడా ఆ అభిప్రాయం మార్చుకోలేదు. కాకపోతే మునుపటిలా గట్టిగా చెప్పడం మానేశాను.

ఇది డెబ్భైల చివరి మాట. నాన్న అక్కడి ఉక్కు కర్మాగారంలో ఫర్నేసు మేస్త్రీ. మంటకు ఆగే ఇటుకలతో కొలిమి లోపలి గోడలు కట్టడం ఆయన పని. ఇటుకకూ ఇటుకకూ మధ్య గోరు దూరకుండా ముప్ఫై ఏళ్ళు కట్టాడు. అక్కడ గోడ వేలెడు వంగితే కరిగిన లోహం బయటికొస్తుంది. అందుకే ఎక్కడ వంకర గోడ కనిపించినా మనం పామును చూసినట్టు చూసేవాడు.

రిటైరయ్యాక మూడు నెలల్లో క్వార్టరు ఖాళీ చేయాలి. అక్కలకు పెళ్ళిళ్ళయిపోయి అప్పటికి మేం ముగ్గురమే మిగిలాం. బుద్ధున్నవాళ్ళంతా ఊళ్ళోనే, బర్మామైన్స్‌లో అద్దె ఇల్లు చూసుకున్నారు. నాన్న మాత్రం ఖర్కాయి నది దాటి, ఆదిత్యపూర్ కూడా దాటి, బస్సు దిగి గంట నడిస్తే వచ్చే పల్లెలో ఒక పాత పెంకుటిల్లు కొన్నాడు. పొగ లేని గాలి, సైరను లేని పొద్దు కావాలట. నాకు ఇరవై రెండేళ్ళు. ఆదిత్యపూర్‌లో లేతు మిషను మీద పని. నెలన్నర సాయం రమ్మంటే ఆ పని మానేసి వెళ్ళాను. గాలి బాగానే ఉంది. దానితో పాటు ఇంకేమీ లేదు.

ఇంటికి మూడు వైపులా గోడలు గట్టివే. వెనక గదిలో పడమటి గోడ మాత్రం పైన రెండు వేళ్ళు బయటికి వంగి ఉంది. మొదటి రోజే, తెచ్చుకున్న టిఫిను డబ్బా కింద పెట్టకముందే, నాన్న పలుగు అందుకున్నాడు. కప్పుకు దుంగలు ఆన్చి గోడ పడగొడుతుంటే పక్కింటి ముసలావిడ వచ్చి కాసేపు చూసింది.

"టేఢీ థీ, గిరీ తో నహీఁ థీ," అంది. వంకరగా ఉందే గానీ పడిపోలేదు కదా, అని. మంచి సలహాయే. అప్పటికి సగం గోడ నేల మీద ఉంది.

మేస్త్రీలు గోడ నిటారుగా లేస్తోందో లేదో చూసుకోవడానికి దారానికి గుండు కట్టి వేలాడదీస్తారు. నాన్నది ఇత్తడి గుండు. దాన్ని గది లోపల వేలాడదీసి, వరస వరసకూ చూసుకుంటూ తొమ్మిది రోజుల్లో కొత్త గోడ లేపాడు. ఆఖరి ఇటుక పెట్టి బయటికెళ్ళి, బీడీ వెలిగించి, తన పనిని చూసుకున్నాడు. బీడీ ఆరిపోయేదాకా చూశాడు.

"ఒరే, ఓపాలి ఇలాగ్రా. నా కళ్ళు బాగున్నాయేట్రా?"

వెళ్ళి చూశాను. గోడ రెండు వేళ్ళు బయటికి వంగి ఉంది. అచ్చం పాతదానిలాగే.

"మీ కళ్ళు బాగానే ఉన్నాయి నాన్నా, గోడకే ఒంట్లో బాగోలేదు," అన్నాను. నా జోకులకు తిట్టడం ఆయన అలవాటు. ఆ రోజు తిట్టలేదు. తిరిగి క్వార్టరుకు వెళ్ళే బస్సులో దారంతా తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

మర్నాడు ఆ గోడ కూల్చేశాడు. ఈసారి గుండును బయటి వైపు నుంచి వేలాడదీసి కట్టాడు. గోడ నిక్కచ్చిగా నిటారుగా లేచింది. భుజాల ఎత్తు వచ్చిన రోజు, పట్టపగలు, మేం చెట్టు కింద అన్నం తింటుండగా గదిలోకి కూలిపోయింది. పెద్ద చప్పుడేం కాలేదు. అలిసిపోయిన మనిషి కూర్చున్నట్టు కూర్చుంది. నా పప్పులో దుమ్ము పడింది.

క్వార్టరు ఖాళీ చేయడానికి ఇక మూడు వారాలే మిగిలాయి. "కొలిమిలు కట్టినోడివి, పడగ్గదికి గోడ కట్టలేవేటయ్యా?" అని అమ్మ నవ్వుతూనే అంది. నాన్న కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆ తర్వాత అమ్మ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నేను మాత్రం, "ఛోడియే నా, కిరాయే కా ఘర్ లే లేతే హైఁ," అన్నాను. అద్దె ఇంటి మాట తెలుగులో ఎత్తితే తిట్టేవాడు. హిందీలో ఎత్తితే అర్థం కానట్టు ఊరుకునేవాడు. అప్పటికి నాకు విసుగు నెత్తికెక్కింది. చేస్తున్న పని పోయింది, అరచేతుల తోలు పోయింది, గోడ మాత్రం మొదలుపెట్టిన చోటే ఉంది.

ఆదివారం మా మేనమామ సింహాచలం ఇల్లు చూడ్డానికి వచ్చాడు. విషయమంతా విని ఒక్క మాటలో తేల్చేశాడు. "ఈ నేల కింద ఇనప రాయుంటాది బావా. అదే గుండుని లాగేత్తంది."

"ఇత్తడిని ఇనప రాయి లాగదు మావయ్యా," అన్నాను.

అయితే పరీక్ష పెడదామన్నాడు. వెదురు కర్ర చివర గుండు కట్టి బయట పట్టుకున్నాం. నిటారుగా ఉంది. కర్రను మెల్లగా గదిలోకి జరిపాం. గోడ ఉండాల్సిన గీత దాటగానే గుండు తూర్పుకు, గది లోపలికి జరిగి, దారం అచ్చం పాత గోడంత ఏటవాలుగా నిలిచింది. ఆకు కదిలేంత గాలి కూడా లేదు. ఇత్తడి గుండు విప్పి రాయి కట్టాం. అదీ అటే వంగింది. టిఫిను డబ్బాలోంచి ఉల్లిపాయ తీసి కట్టాను. అదీ అటే.

మావయ్య ఉల్లిపాయను చూశాడు, నన్ను చూశాడు. సెకండు షిఫ్టు ఉందని గుర్తొచ్చి బస్సుకు వెళ్ళిపోయాడు. ఆదివారం ఆయనకు సెలవు.

మళ్ళీ ఇత్తడి గుండు కట్టి, దారం వేలికి చుట్టుకుని, గది మధ్యలో నిలబడ్డాను. గుండు ఊగుతోంది. ఊగే గుండు మెల్లగా, తగ్గుతూ తగ్గుతూ ఆగుతుంది. అది అలా ఆగలేదు. ఠక్కున ఆగింది. ఆగిన క్షణంలోనే నా వేలి మీద బరువు పోయింది. దారం మాత్రం వదులు కాలేదు. బిగుతుగానే ఉంది, బరువు లేదు. 

నాన్న నా మొహం చూసి, దారం నా వేలి నుంచి విప్పి తన వేలికి చుట్టుకున్నాడు. వంగి గుండు కిందికి చూశాడు. తర్వాత, ఎదురుగా మనిషి ఉన్నట్టే చెప్పాడు.

"సరేనమ్మా. ఎలాగుండేదో అలాగే కట్టేత్తాను. సెయ్యి తియ్యి."

ఆయన వేలు చటుక్కున కిందికి దిగడం నేను చూశాను. బరువు తిరిగొచ్చింది.

మర్నాటి నుంచి లోపలి గుండు చూపించినట్టే కట్టాడు. వంకర వస్తుందని తెలిసి తెలిసి కట్టాడు. ప్రతి వరసకూ పెదవి విరిచాడు. గడువుకు ఒక్క రోజు ముందు సామాను లారీకెక్కించాం. ఆ గోడ ఎన్నో వానలు చూసింది. వెంట్రుకంత బీట కూడా లేదు. నాన్న పాత స్నేహితులు వస్తే ముందు గోడను చూస్తారు, తర్వాత మర్యాదగా పెరట్లోని కూరపాదుల గురించి మాట్లాడతారు. "నానే కట్టినాను," అని నాన్న ఎవరూ అడక్కుండానే విసుక్కుంటాడు.

ఆ రోజు అమ్మా అని ఎందుకన్నారని చాలా కాలానికి అడిగాను.

"గుండు ఊగుతుంటే ఎవులు ఆపుతార్రా? ఇటికలు మోసే రేజాలే కదేటి," అన్నాడు. పనిలోకి వచ్చే ఆడకూలీలను అక్కడ అలాగే పిలుస్తారు. "కింద అరసెయ్యి ఎట్టి ఎత్తి పట్టుకుంటారు. మేస్త్రీ సూసుకున్నాక వదిలేత్తారు. ముప్పై ఏళ్ళు ఆళ్ళ సెయ్యి నా దారానికి తగిలింది. నాకు తెల్దేటి?"

ఆ ఇల్లు ఎవరు కట్టారో, దానికి ఇటుకలు ఎవరు మోశారో ఊళ్ళో అందరినీ అడిగాను. పక్కింటి ముసలావిడకూ తెలియదు. ఎండ దెబ్బ అనుకున్నాను, నేల వాలు అనుకున్నాను, నా చెయ్యి తిమ్మిరెక్కింది అనుకున్నాను. నాన్న వేలు కిందికి దిగడానికి మాత్రం వీటిలో ఒక్కటీ సరిపోలేదు. నాన్న ఆమెకిచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. ఎవరికిచ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు.