ముప్పై అయిదు ఎలా వచ్చింది?

గచ్చిబౌలిలో బండలు పేల్చి కంపెనీల మేడలకు పునాదులు తీస్తున్న రోజులవి. మందు పేలినప్పుడల్లా బడి పైకప్పు రేకులు గడగడలాడేవి. అయినా పిల్లలు ఉలిక్కిపడేది ఆ మోతకు కాదు, ఓబులేసు సారు బెత్తం చప్పుడుకి.

కడప నుంచి వచ్చిన లెక్కల మాస్టారు ఆయన. పొద్దున్నే స్నానం చేసి, అహోబిలం నరసింహస్వామికి దండం పెట్టుకోనిదే మంచినీళ్లు ముట్టరు. బడి గుమ్మం తొక్కితే మాత్రం ఆ దండం పెట్టిన చేతికే పూనకం వచ్చేది.

ఒకనాడు యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసెయ్యమన్నారు. రాళ్లు కొట్టే సాయిలు కూతురు యాదమ్మ బోర్డు మీద ముప్పై అయిదు వేసింది. మళ్లీ వెయ్యమన్నారు. మళ్లీ ముప్పై అయిదే. బెత్తం లేచింది. వేళ్ల కణుపుల మీద పడింది, పడింది, విరిగింది. చాక్‌పీసు నెత్తురుతో ఎర్రబడింది.

మధ్యాహ్నానికల్లా సాయిలు సమ్మెటతో వచ్చాడు. ఒక్క దెబ్బకు సారు టేబులు రెండు ముక్కలైంది.

"నేను బండను కొడ్త సారూ. బండకు పానం లేదు. నా బిడ్డకుంది. ఇంకోపాలి చెయ్యి లేసిందో, గా చెయ్యి ఉండది!"

బిడ్డను భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి యాదమ్మ కంకర తట్ట మోస్తోంది.

హెడ్మాస్టరు మధుసూదన్, చందానగర్‌లో జరిగే లెక్కల టీచర్ల శిక్షణకు ఓబులేసుని పంపుతూ ఒకటే చెప్పాడు. "ఆ పిల్ల మళ్లీ బడికి రావాలి. తెచ్చే పూచీ నీది. లేదంటే బెత్తంతో పాటు ఉద్యోగం కూడా ఇక్కడ పెట్టిపో."

శిక్షణ ఇచ్చే పుణ్యవతిగారిది కాకినాడ. మెత్తగా మాట్లాడే మనిషి.

"బొటనవేళ్లు లేని ఊరనుకోండి," అన్నారావిడ. "ఉన్న వేళ్లన్నీ అయిపోతే వాళ్లకి పది, అంటే అక్కడ ఏడు తర్వాత పదే. ఎనిమిది, తొమ్మిది లేనే లేవు. ఒకరు మాస్టారు, మిగతావాళ్లు పిల్లలు. మీ బళ్లో ఎలా చెబుతారో అలాగే చెప్పండి."

మాస్టారు వేషం భీమవరం బుల్లిబాబుకి పడింది. సరదాకి చెక్క స్కేలు అందుకున్నాడు.

"ఏమండీ ఓబులేసుగారూ, పన్నెండులోంచి మూడు పోతే?"

"తొమ్మిది."

స్కేలు కణుపుల మీద పడింది. "తొమ్మిదా! మా ఊళ్లో ఆ అంకే లేదండీ!" అందరూ గొల్లుమన్నారు. "మళ్లీ చెప్పండి."

ఓబులేసు వెనక్కి లెక్కపెట్టబోయారు. పదకొండు, పది... ఆ తర్వాత ఏడని తెలుసు. కానీ కళ్లు స్కేలు మీదే ఉన్నాయి, బుర్ర పనిచెయ్యలేదు. "తొమ్మిది," అనేశారు. ఈసారి స్కేలు అంచు వేళ్లను చీరుకుపోయింది.

అంతే, ఓబులేసు లేచి బుల్లిబాబు కాలరు పట్టి గోడకేసి కొట్టారు. ముక్కు పగిలి నెత్తురు చిమ్మింది. నలుగురు పట్టుకుంటే గానీ ఆగలేదు.

"సరదాకండీ బాబూ!" అంటూ బుల్లిబాబు కూలబడ్డాడు.

పుణ్యవతిగారు కోప్పడలేదు. బుల్లిబాబుకి తడిగుడ్డ ఇచ్చి, తన చేతిరుమాలు ఓబులేసు వేళ్లకు కట్టారు. కడుతూనే అడిగారు: "తొమ్మిది ఎలా వచ్చిందండీ మాస్టారూ?"

ఆ మాట ఆయన్ని అంతవరకూ ఎవరూ అడగలేదు. ఆయనా ఎవర్నీ అడగలేదు.

ఆ సాయంత్రం నేరుగా కంకర కుప్పల దగ్గరికి వెళ్లారు. ఆయన్ని చూడగానే యాదమ్మ తట్ట వదిలేసి తలకు చేతులు అడ్డం పెట్టుకుంది. సాయిలు గుద్దిన గుద్దుకి సారు కంకరలో పడ్డారు. పెదవి చిట్లింది. తిరిగి చెయ్యెత్తలేదు.

"కొట్టు నాయనా. పాపను ఒక మాట అడగనీ. ముప్పై అయిదు ఎట్లొచ్చిందమ్మా?"

తండ్రి కాళ్ల వెనక నుంచి సమాధానం వచ్చింది. "నువ్వే చెప్పినవ్ గద సారూ, ఎప్పుడైనా పెద్దదాంట్లకెల్లి చిన్నదే తియ్యాలని. ఏడుల రెండు పోతే ఐదు. ఐదుల రెండు పోతే మూడు."

నిజమే. ఏటేటా ఆయన చెప్పే మాటే అది. చెప్పిన మాట విన్నందుకు ఆ పిల్ల వేళ్లు పగిలాయి.

"తప్పు నాదేనమ్మా."

సాయిలు సమ్మెట ఎత్తాడు. "అట్లయితే ఎవల్ని కొట్టాలె సారూ?"

ఓబులేసు కట్టు కట్టిన చెయ్యి కంకర మీద చాచారు. సమ్మెట దిగింది, చేతికి జానెడు అవతల. రాయి పగిలి ముక్కలు ముఖాన తగిలాయి.

సాయిలు భార్య ఈరమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. "మూతి కడుక్కో సారూ. పొద్దుగాల పిల్లకు అన్నం తినిపిచ్చి బడికి పంపుత."

స్తంభం చీల్చి వచ్చిన స్వామి చేతులే ప్రహ్లాదుడి తల నిమిరాయంటారు. ఓబులేసు సారు చేతికి అంత తొందరగా ఆ యోగం పట్టలేదు. యాదమ్మ వచ్చింది గానీ గుమ్మం పక్కనే కూర్చునేది. చాక్‌పీసు పైకి లేస్తే చాలు తల దాచుకునేది. అందుకని బోర్డు మీదికి చెయ్యెత్తే ముందల్లా సారు పిల్లల వైపు తిరిగి చెప్పేవారు:

"రాస్తాండానమ్మా. రాసేదానికే."